చలో అన్నది నేనే

ఆ పోర్చుగల్ మనిషి జీవితం నా చేతికి రెండు కాగితాలుగా వచ్చింది. దోమలగూడ దిక్కున్న గ్రౌండులో ఫుట్‌బాల్ కోచ్‌లకు పది రోజుల శిక్షణ పెడుతున్నారు, నేర్పడానికి ఆయన వస్తున్నాడు. వచ్చే కోచ్‌లలో సగం మందికి ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ఆయన గురించి రాసిన కాగితాలు తెలుగు చేసిపెట్టమని నాకు అప్పగించారు. నాకు ఇంగ్లీషు బాగా వచ్చని కాదు. ఏళ్ళ తరబడి సర్కారు ఆఫీసులో ఫైళ్ళు రాసినవాడు నాకు ఇంగ్లీషు రాదంటే ఎవరూ నమ్మరు, అంతే.

ఆయన కూడా నాలాగే స్టాపర్ బ్యాక్. అంటే గోల్‌కీపర్‌కు ముందు, మధ్యలో నిలబడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపేవాడు. సముద్రం ఒడ్డున ఏదో చిన్న ఊళ్ళో పుట్టాడు. చేపల మార్కెట్టు వెనక ఖాళీ స్థలంలో ఆడటం నేర్చుకున్నాడు. పదిహేడేళ్ళకు ఒక క్లబ్బు, ఇరవై రెండుకు ఇంకో క్లబ్బు, దేశం తరఫున నాలుగే నాలుగు మ్యాచ్‌లు, ముప్పై ఒకటికి మోకాలు పోయింది. ఆ తర్వాత మేనేజర్. మూడు దేశాల్లో ఆరు క్లబ్బులు. నాలుగు చోట్ల మధ్యలోనే వెళ్ళగొట్టారు. కాగితంలో వెళ్ళగొట్టారని లేదు, పరస్పర అంగీకారంతో విడిపోయారని ఉంది. ఆఫీసు భాష నాకు తెలియనిదా!

ఫార్వర్డ్ కాగితమైతే ఇన్ని గోల్స్ కొట్టాడని దర్జాగా ఒక అంకె ఉంటుంది. డిఫెండర్ కాగితంలో ఏం రాస్తారు? ఆపినవి ఎవరూ లెక్కపెట్టరు. ఆపలేనివి ఎవరూ రాయరు. అవి వాడికి ఒక్కడికే గుర్తుంటాయి.

తెలుగు చేసిన కాగితాలు పట్టుకొని అశోక్ నగర్‌లో జిరాక్స్ తీయించడానికి వెళ్ళాను. అక్కడ జిరాక్స్ షాపు వెతకనక్కరలేదు, అడుగుకొకటి. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లల నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, ఉద్యోగాల నోటిఫికేషన్లు పొద్దస్తమానం ఆ మిషన్లలో తిరుగుతూనే ఉంటాయి. ఇన్ని షాపులు దాటుకొని నేను ఎప్పుడూ ఒకే షాపుకు వెళ్తాను. అది నా జోడీది.

పేరు రాయను. జోడీ అనే రాస్తాను, గ్రౌండులో మా ఇద్దరినీ అలాగే పిలిచేవారు. స్టాపర్లు ఇద్దరు పక్కపక్కన ఆడతారు. కుడివైపు నేను, ఎడమవైపు అతను. ఆరేళ్ళు అలా ఆడాం.

కాగితం మిషన్‌లో పెట్టే ముందు కళ్ళజోడు సవరించుకొని మొత్తం చదివాడు.

"అన్న, ఈయన గూడ మన లెక్కనే స్టాపరా?"

"ఆ."

"పాపం, నాలుగు దిక్కుల్ల ఎల్లగొట్టిండ్రు." నవ్వాడు. తర్వాత రెండో కాగితం తిప్పి మళ్ళీ చూశాడు. "ఈయనకు గూడ ఒక జోడీ ఉండె గదా. ఒక్కడే అయితే ఆడడు గదన్న. ఆయన ముచ్చటేడా లేదేంది?"

కాపీలు ఎన్ని కావాలో చెప్పాను. అతను కాపీలన్నీ తీసి, స్టేప్లర్ కొట్టి, అంచులు బల్లకు తట్టి సమం చేసి ఇచ్చాడు. బయటికి వచ్చాక కాసేపు ఎటు వెళ్ళాలో తోచలేదు.

అతను నాకంటే ఏడాది చిన్న. ముషీరాబాద్‌లో కట్టెల అడితిలో పనిచేసే ఆయన కొడుకు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి సెక్రటేరియట్‌లో గుమాస్తాగా చేరాడు, మేం అశోక్ నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఇంట్లో ఆటంటే వేళాకోళం. వాళ్ళ ఇంట్లో ఆటంటే ఆశ. ఆ తేడా అప్పట్లో నాకు తెలియదు. తెలిసి ఉంటే వేరేగా నడుచుకునేవాణ్ణని చెప్పే ధైర్యం మాత్రం లేదు.

పొద్దున్నే సైకిల్ మీద రాంనగర్ మీదుగా వచ్చేవాడు. మా నాన్న నిద్ర చెడుతుందని బెల్లు కొట్టేవాడు కాదు, గేటు దగ్గర నిలబడి దగ్గేవాడు. ఆ దగ్గుకే మా నాన్న లేచి తిట్టేవాడు, అది వేరే సంగతి. ఇద్దరం ఒకే సైకిల్ మీద నారాయణగూడలోని కాలేజీ గ్రౌండుకు పోయేవాళ్ళం. ఆట అయ్యాక చౌరస్తాలో ఇరానీ హోటల్లో ఒక చాయ్ రెండు కప్పుల్లో. పెద్ద కప్పు నాది. నేను అడగలేదు, అతనే అటు జరిపేవాడు.

మా కోచ్ గారు డిఫెండర్లకు నేర్పింది ఒకటే, లైను. వెనక నలుగురం ఒకే గీత మీద నిలబడాలి. ఎదుటివాడు బంతిని మా వెనకకు వేయబోయే క్షణాన మాలో ఒకడు "చలో" అని అరుస్తాడు. నలుగురం ఒక్కసారే రెండడుగులు ముందుకు పోతాం. మా వెనక మిగిలిపోయిన ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్ అవుతాడు, లైన్‌మన్ జెండా లేస్తుంది, ఆట ఆగుతుంది. నలుగురిలో ఒక్కడు కదలకపోయినా మిగతా ముగ్గురు చేసింది దండగ, ఫార్వర్డ్‌కు మనమే దారి తెరిచి పెట్టినట్టు. అందుకని అరిచేవాణ్ణి నమ్మాలి. పక్కకు తిరిగి చూడకూడదు. చూసే తీరికా ఉండదు.

అరిచేవాణ్ణి నేను. నా గొంతు పెద్దది. ఇప్పటికీ పెద్దదే, చిక్కడపల్లి మార్కెట్టులో కూరగాయలవాళ్ళు నన్ను చూడగానే బేరం వద్దు సార్ అని ముందే దండం పెడతారు.

ఆ యేడు లీగ్ ఫైనల్ చూడటానికి ఒక సర్కారు సంస్థ నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళ జట్టుకు ఒక స్టాపర్ కావాలి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, ఒకటే ఖాళీ. అది మా ఇద్దరిలో ఒకరికని కోచ్ గారు ముందురోజే చెప్పారు. "మంచిగ ఆడినోనికి వస్తది. మీలో మీరు కొట్లాడకుండ్రి," అన్నారు. మేం కొట్లాడుకోలేదు. గ్రౌండుకు పోతూ సైకిల్ తొక్కుతున్న అతను వెనక్కి తిరక్కుండానే, "నీకొస్తె నువ్వు దావత్ ఇయ్యాలె, నాకొస్తె నేనిస్త," అన్నాడు. అతనికే రావాలని గ్రౌండులో అందరికీ తెలుసు. నాకంటే మంచి ఆటగాడు. ఇప్పుడు పెద్దమనసుతో రాస్తున్న మాట కాదిది. అప్పుడూ తెలుసు, తెలిసే కుళ్ళుకున్నాను.

డెబ్బై నిమిషాల దాకా ఎవరికీ గోల్ రాలేదు. వాళ్ళ ఫార్వర్డ్ ఒకడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, అప్పటికే రెండుసార్లు నన్ను దాటిపోయాడు. రెండుసార్లూ నా జోడీయే అడ్డంపడి ఆపాడు. ఆ తర్వాత వాడు నా పక్కకు వస్తే చాలు, నా కాళ్ళలో భయం. అప్పుడు వాళ్ళ జట్టువాడొకడు మధ్యలో బంతి ఆపి తలెత్తి చూశాడు. మా వెనకకు వేస్తాడని తెలిసిపోయింది. "చలో" అని అరిచాను. ముగ్గురూ కదిలారు. నేను కదల్లేదు.

నోరు అన్నది, కాళ్ళు వినలేదు. వాడు నన్ను మళ్ళీ దాటిపోతాడేమోనని వాడి పక్కనే అతుక్కుపోయాను. బంతి మా నెత్తి మీద నుంచి పోయింది. జెండా లేవలేదు. లేవకూడదు కూడా, లైన్‌మన్ సరిగ్గానే చూశాడు. వాడు నా పక్క నుంచి ఉరికాడు. అప్పుడు నేను రెండడుగులు ముందుకు వేసి, చెయ్యి పైకెత్తి, ఆఫ్‌సైడ్ ఆఫ్‌సైడ్ అని గగ్గోలు పెట్టాను. నా జోడీ మాత్రం జెండా లేవలేదని చూడగానే వెనక్కి తిరిగి ప్రాణం పెట్టి పరిగెత్తాడు. గోలు ముందు వాడి కాళ్ళ మీదికి దూకాడు. అందలేదు. బంతి లోపలికి పోయింది, అతను బోర్లాపడి ఉన్నాడు.

అందరూ చూసేసరికి కనబడింది అదే. ముందు, లైను మీద, చెయ్యెత్తి నిలబడ్డ నేను. వెనక, గోలు దగ్గర, మట్టిలో అతను. ఎవడు ఉండిపోయాడో ఇక ఎవరికి చెప్పాలి?

మ్యాచ్ ఓడిపోయాం. షామియానా కింద కోచ్ గారు మా నలుగురినీ నిలబెట్టారు. ఆ పెద్దమనుషులు పక్కనే కుర్చీల్లో కూర్చొని చాయ్ తాగుతున్నారు.

"ఎవడు ఉండిపోయిండు?" అని అడిగారు కోచ్ గారు.

"నేను చలో అన్నాను సార్," అన్నాను.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇన్నేళ్ళుగా నన్ను తినేసింది అదే. అబద్ధం చెప్పి ఉంటే అబద్ధం చెప్పానని ఏడ్చి ఊరుకునేవాణ్ణి. నేను నిజం చెప్పి ఒక మనిషిని ముంచాను.

అతను నావైపు చూడలేదు. మట్టి చేతులు నిక్కరుకు తుడుచుకొని, "నేనే సార్. జర లేటయిన," అన్నాడు.

నన్ను కాపాడటానికే అన్నాడనుకున్నాను. చూశాడు, తెలుసు, నా కోసం మీద వేసుకున్నాడు. నెల తిరక్కుండా ఉద్యోగం నాకొచ్చింది. దావత్ అతనే అడిగి మరీ తీసుకున్నాడు. సంతోషంగా, కడుపునిండా తిన్నాడు. అతనే బలవంతంగా నా కంచంలో వడ్డించాడు.

మరుసటి సీజను నుంచి అతను ఆడలేదు. రెఫరీల పరీక్ష రాసి లైన్‌మన్ అయ్యాడు. బతకడానికి ముందు ఎవరిదో జిరాక్స్ షాపులో చేరాడు, పదేళ్ళకు సొంత షాపు పెట్టుకున్నాడు. ఆదివారాలు జెండా పట్టుకొని గీత పక్కన పరిగెడతాడు. ఈ ఊళ్ళో అంత కచ్చితమైన లైన్‌మన్ లేడు. చివరి డిఫెండర్ కాలు ఎక్కడుందో అతను చెప్తే ఎవరూ ఎదురు మాట్లాడరు. నేను సంస్థ జట్టుకు ఎనిమిదేళ్ళు ఆడి, తర్వాత కోచ్‌నయ్యాను. అంటే ఆదివారం ఆదివారం నా జట్టు డిఫెండర్ల పక్కన, వాళ్ళకు సరిగ్గా సమానంగా, అతను నడుస్తూ ఉంటాడు. నేను ఆట చూడను. అతన్ని చూస్తాను. నాకు తెలుసు, నీకు తెలుసని నాకు తెలుసు, ఆ మాట ఎప్పుడంటావు అని లోలోపల అడుగుతుంటాను. ఇదే నా ఆట.

నా జట్టులో చలో అనే మాట నిషేధం. పిల్లలకు వేరే మాట నేర్పాను. కారణం అడిగినవాణ్ణి గ్రౌండు చుట్టూ పరిగెత్తించాను. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. చిక్కడపల్లి చౌరస్తాలో ఆటోవాడు చలో అంటే ఉలిక్కిపడతాను. నారాయణగూడ మెట్రో స్టేషన్లో పసుపు గీత వెనక జనం నిలబడి ఉంటే ఎవడు అడుగు వెనకున్నాడో నా కన్ను దానంతట అదే వెతుకుతుంది. రైలు తలుపులు తెరుచుకొని అందరూ ఒక్కసారి కదిలినప్పుడు, వెనక మిగిలిపోయినవాడు ఎప్పుడూ నేనే అయి ఉంటాను. దయ్యాలు చచ్చినవాళ్ళవే అంటారు. నాది బతికున్న దయ్యం, రోజూ తొమ్మిదింటికి షట్టర్ ఎత్తుతుంది, నన్ను అన్న అని పిలుస్తుంది.

పోర్చుగల్ ఆయన వచ్చాడు. అరవై దాటిన బక్కపలచని మనిషి, మోకాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు, నేను వాటిని తెలుగులో అతికించి చెప్పేవాణ్ణి. మూడో రోజు ఒక పొడుగాటి తాడు తెచ్చాడు. నలుగురు కోచ్‌లను గీత మీద నిలబెట్టి, నడుములకు వరసగా ఆ తాడు కట్టాడు, మనిషికీ మనిషికీ మధ్య కొంచెం వదులు ఉంచి. ఒకడు అరవాలి, నలుగురూ కదలాలి. సరిగ్గా కదిలితే తాడు వేలాడుతూనే ఉంటుంది. ఒకడు ఆగితే బిగుస్తుంది. ఎవరు అరుస్తారని అడిగితే అందరూ పెద్దవాణ్ణని నన్ను ముందుకు తోశారు.

విజిల్ ఊదాడు. నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది, "చలో!" ముప్పై ఏళ్ళ తర్వాత. తాడు నా నడుముకు కోసుకునేంతగా బిగిసింది. పక్కనున్న కుర్ర కోచ్ తూలి మోకాళ్ళ మీద పడ్డాడు. మళ్ళీ చేయించాడు. మళ్ళీ బిగిసింది. మూడోసారీ అంతే. సార్‌కు వయసైందని నవ్వారు అందరూ. ఆయన నవ్వలేదు. దగ్గరికి వచ్చి నా నడుము దగ్గరి ముడి పట్టుకొని చూశాడు.

"నువ్వు పిలుస్తావు, నువ్వు వెళ్ళవు," అన్నాడు. "ఎప్పటి నుంచి?"

ఈ ముక్క నేను ఎవరికీ తెలుగు చేయలేదు.

చాయ్ తాగేటప్పుడు గోడ పక్కన ఆయనొక్కడే కూర్చొని ఉంటే వెళ్ళి, నా జోడీ అడిగిన ప్రశ్న అడిగాను. మీ పక్కన ఆడినవాడు ఎవరు, కాగితంలో లేదేం అని. ఆయన గ్లాసు కింద పెట్టాడు. తొమ్మిదేళ్ళు ఒకే జోడీ అన్నాడు. తను మేనేజర్ అయిన మొదటి క్లబ్బులో ఆ జోడీ ఇంకా ఆడుతున్నాడట. మొదటి వారమే అతన్ని జట్టులోంచి తీసేయాల్సి వచ్చిందట. ఆట నెమ్మదించింది, తీసేయడం తప్పు కాదు. "కానీ ఇంటికి వెళ్ళి చెప్పాల్సింది. నేను వెళ్ళలేదు. గోడ మీద జాబితా అంటించాను, అతను అందరితోపాటు నిలబడి చదువుకున్నాడు." అప్పటి నుంచి మాటల్లేవు. ఇద్దరిదీ ఒకే ఊరు. వెళ్దాం వెళ్దాం అనుకుంటుండగానే అతను పోయాడు. ఇంతే చెప్పి, లేచి, విజిల్ మెడలో వేసుకొని గ్రౌండులోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున శిక్షణ ఎగ్గొట్టి అశోక్ నగర్ వెళ్ళాను. అప్పుడే షట్టర్ ఎత్తి మిషన్లు వేడెక్కడానికి ఆన్ చేస్తున్నాడు. షాపులో ఇంకెవరూ లేరు. స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు.

"తమ్మీ, ఆ ఫైనల్లో ఉండిపోయింది నువ్వు కాదు, నేను," అన్నాను. "చలో అని అరిచి నేనే కదల్లేదు. నువ్వు సరిగ్గానే వచ్చావు. గోల్ నావల్ల పడింది. నీ ఉద్యోగం నేను తిన్నాను."

తెలుసన్న, అంటాడనుకున్నాను. ఆ మాట కోసం ముప్పై ఏళ్ళు నన్ను నేను సిద్ధం చేసుకున్నాను. కొడితే కొట్టించుకుందామనుకున్నాను కూడా. అతను నన్ను వింతగా చూశాడు. ఒంట్లో బాగోలేని మనిషిని చూసినట్టు చూశాడు.

"ఏమైందన్న నీకు? పరేషాన్‌ల ఉన్నవా?"

"నిజం చెప్తున్నా. నువ్వు చూడలేదా నన్ను?"

"ఎట్ల చూస్త? పక్కకు చూడొద్దని గదా మనకు నేర్పింది." రెండు మిషన్ల మధ్య ఉన్న జానెడు జాగాలోకి వచ్చి నిలబడ్డాడు. "ఇగో ఇట్లున్న. నువ్వు చలో అన్నవ్. కుడికాలు లేసింది. ఈ ఎడమ కాలుంది చూడు, ఇది ఎంటనే లేవలేదు. గింతంత. నాకెరుక గదన్న, నా కాలు నాకెరుకుండదా?"

చేసి చూపించాడు. రెండుసార్లు. కుడికాలు ముందుకు పోయింది, ఎడమకాలు బండ మీద ఒక్క క్షణం ఆగి తర్వాత వచ్చింది. ఎంత కచ్చితంగా ఆగిందంటే, కళ్ళారా చూసినవాణ్ణి, చేసినవాణ్ణి, నేనే ఒక్క నిమిషం నమ్మాను. ముప్పై ఏళ్ళుగా ఆ కాలిని రోజూ ఆపుకుంటూ వచ్చాడన్నమాట. నన్ను కాపాడలేదు. నన్ను నమ్మాడు. నమ్మి, తప్పు తనలో వెతుక్కున్నాడు, వెతికితే దొరికింది.

"కాదురా, నా మాట విను," అన్నాను. 

"నువ్వు నాకోసం చెప్తున్నవ్. నాకు తెల్వదా నీ దిల్," అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "అప్పుడు శాన ఏడ్చినన్న. తర్వాత అనుకున్న, ఒక్క అడుగు కాడ పోయింది గదా, ఇగ ఎవ్వని అడుగు గూడ నా కన్ను తప్పొద్దని. అందుకే జెండ పట్టిన. గా ఒక్క అడుగు మీదనే బతికిన. ఇప్పుడొచ్చి అది గూడ నాది కాదంటే, నాదంటూ ఇంకేమున్నదన్న?"

నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు, నా ముఖం మీదే ఉన్నాయి. భయం చూశాను వాటిలో. నేను మళ్ళీ కాదంటానేమోనని.

మెట్ల మీద ఇద్దరు ఆడపిల్లలు నోట్సులు పట్టుకొని ఎక్కుతున్నారు. అతను చెయ్యి తీయలేదు.

"నేనే లేటయిన. గదే నిజం. కాదా అన్న?"

నేను అవునని తల ఊపాను.